60 వేలకు స్మార్ట్ టెలిస్కోపు: మన డాబా మీద కిట్టుబాటు అవుతుందా?

మాస్టారూ, నమస్కారం.

మీరు అడిగింది ఇదీ: శ్రీకాకుళంలో సొంత ఇల్లు, పైన డాబా, చేతిలో 60 వేలు, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయికి ఆకాశమంటే పిచ్చి. సీస్టార్ లాంటి, అన్నీ ఒకే డబ్బాలో ఉండే స్మార్ట్ టెలిస్కోపు కొనాలా? ఇంకో ఏడాది ఆగి మౌంటు (టెలిస్కోపుని మోస్తూ తిప్పే స్టాండు), ట్యూబు, కెమెరా విడివిడిగా కొనాలా? శని వలయాలు కనిపిస్తాయా? అన్నీ యంత్రమే చేసేస్తే పాప నేర్చుకునేదేముంటుంది?

ముందు జవాబు చెప్పేస్తాను. నెబ్యులాలు (ఆకాశంలోని వాయు మేఘాలు), నక్షత్ర గుచ్ఛాలు, చంద్రుడు, సూర్యుడు ఫొటో తీయడానికైతే కొనండి. శని కోసమైతే కొనకండి. ఎందుకో చెప్పడానికి కొంచెం పొడవుగా రాయాలి, ఓపిక పట్టండి.

నాది విజయనగరం. 2013 నుంచి ఈ పిచ్చి ఉంది. అద్దంతో పనిచేసే ఆరంగుళాల న్యూటోనియన్ టెలిస్కోపు, ఆకాశంతో పాటు వాలుగా తిరిగే ఈక్వటోరియల్ మౌంటు, పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, మౌంటు గురి తప్పకుండా కాపలా కాసే గైడ్ కెమెరా, లాప్‌టాప్: ఇదీ నా పెద్ద సంసారం. 2024 జనవరిలో సీస్టార్ ఎస్50 తీసుకున్నాను. రెండూ ఇప్పటికీ ఉన్నాయి. కాబట్టి నేను చెప్పేది ఏదో ఒకటి అమ్మిపెట్టడానికి కాదు.

ధర గురించి అందరూ రూపాయల్లోనే మాట్లాడతారు. మన జిల్లాల్లో లెక్క కట్టాల్సింది రాత్రుల్లో. జూన్ నుంచి అక్టోబరు సగం దాకా మబ్బులే. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో ఏదో ఒక వాయుగుండం తిరుగుతూనే ఉంటుంది, ఉద్దానం వాళ్లకి 2018 తిత్లీ తుపాను గురించి నేను చెప్పక్కర్లేదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆకాశం బాగుంటుంది కానీ అర్ధరాత్రి దాటితే మంచు. మార్చి తర్వాత ఉప్పుగాలి, ఉక్క, సాయంత్రం ఉరుములు. వీటిలోంచి వెన్నెల రాత్రులు తీసేయండి, మర్నాడు డ్యూటీ ఉన్న రాత్రులు తీసేయండి. మిగిలేవి నెలకు నాలుగో ఐదో.

నా నోట్‌బుక్‌లో గత సీజను ఇలా ఉంది. నవంబరు నుంచి మార్చి దాకా పెద్ద సెటప్పు 11 సార్లు డాబా ఎక్కించాను. నాలుగుసార్లు ఒక్క ఫొటో లేకుండానే దించాను. దాన్ని నిలబెట్టడానికే నాకు గంటన్నర పడుతుంది. బరువులు సరిచూడాలి, ధ్రువ నక్షత్రానికి గురిపెట్టాలి. మన దగ్గర ధ్రువ నక్షత్రం నేల నుంచి 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి నాకైతే అది ఎదురింటి వాటర్ ట్యాంకు వెనకే. ఆ తర్వాత ఫోకస్, గైడింగు, వైర్లు. అన్నీ అయ్యాక చూస్తే తూర్పు నుంచి మబ్బు. చిన్న డబ్బాని మాత్రం అదే ఐదు నెలల్లో 43 సార్లు బయటపెట్టాను. ఆఫీసు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, దాన్ని డాబా మీద పెట్టి స్విచ్ నొక్కి, కిందికొచ్చి అన్నం తింటాను. ఐదు నిమిషాల్లో అదే ఆకాశాన్ని ఫొటో తీసి, నక్షత్రాల అమరికను లోపలి పటంతో పోల్చుకుని తాను ఎటు చూస్తోందో తెలుసుకుంటుంది. ఫోకస్ కూడా అదే చేసుకుంటుంది. మబ్బుల మధ్య నలభై నిమిషాల సందు దొరికినా ఒక బొమ్మ చేతికొస్తుంది. పైగా దోమలు కుట్టవు. నవ్వకండి, చెరువు పక్క ఇంట్లో ఉండేవాడికి ఇది చిన్న విషయం కాదు.

ఇక ఆ డబ్బాలో ఏముందో చూద్దాం. ఎస్50 అంటే 50 మి.మీ. కటకం, 250 మి.మీ. నాభ్యంతరం, రెండున్నర కిలోల బరువు. వెనక సోనీ ఐఎంఎక్స్462 సెన్సరు, 1080 × 1920 పిక్సెళ్లు, అంటే రెండు మెగాపిక్సెళ్లు. మీ ఫోను కెమెరా ముందు ఇది ఎంత? వాట్సాప్ స్టేటస్‌కి భేషుగ్గా ఉంటుంది, హాల్లో గోడకి పెద్ద ఫ్రేము కట్టించాలంటే చాలదు. 2023లో వచ్చినప్పుడు అమెరికాలో 499 డాలర్లు. ఆ అంకెను రూపాయల్లోకి మార్చుకుని సంబరపడకండి. కస్టమ్స్, జీఎస్టీ, అమ్మేవాడి లాభం కలిశాక లెక్క వేరు. బిల్లూ వారంటీ ఇచ్చే చోటే కొనండి. నాకు తెలిసిన ఒకాయన నాలుగు వేలు తక్కువని బిల్లు లేకుండా తీసుకున్నాడు. ఫోకస్ మోటారు మొరాయిస్తే అమ్మినవాడు ఫోనెత్తడం మానేశాడు.

ఇప్పుడు శని. 250 మి.మీ. నాభ్యంతరానికి, 2.9 మైక్రాన్ల పిక్సెలుకు లెక్క కడితే ఒక్కో పిక్సెలు ఆకాశంలో సుమారు 2.4 ఆర్క్ సెకండ్లు (ఆర్క్ సెకండంటే డిగ్రీలో 3,600వ వంతు). శని వలయాలతో కలిపి ఈ చివర నుంచి ఆ చివరికి దాదాపు 43 ఆర్క్ సెకండ్లు. భాగించండి: పద్దెనిమిది చుక్కలు. మొత్తం శని, వలయాలు, అన్నీ పద్దెనిమిది చుక్కల వెడల్పులో! ముగ్గుపిండితో పద్దెనిమిది చుక్కలు పెట్టి ఏనుగుబొమ్మ గీయమన్నట్టుంటుంది. చెవులున్న గింజలా కనిపిస్తుంది తప్ప వలయానికీ గ్రహానికీ మధ్య నల్లటి సందు కనిపించదు. బృహస్పతీ అంతే, నాలుగు ఉపగ్రహాలు చుక్కలుగా తెలుస్తాయి గానీ పట్టీలు ఆశించకండి. ఇది యంత్రం లోపం కాదు. అది అందుకోసం చేసింది కాదు.

శనిని చూపించాలంటే ఇంతకంటే తక్కువ డబ్బుకే ఆరంగుళాల డాబ్సోనియన్ వస్తుంది. చెక్కపెట్టె మీద కూర్చునే పెద్ద గొట్టం, కరెంటు అక్కర్లేదు. మా మేనత్తకి ఎనభై దాటాయి. ఓసారి దాంట్లోంచి శనిని చూసి తల వెనక్కి తీసి, నన్ను చూసి, మళ్లీ కన్ను పెట్టి, “బొమ్మ అతికించీసినావేటిరా లోపల?” అంది. ఫోను స్క్రీను మీద ఎంత మంచి నెబ్యులా చూపించినా ఆవిడ ఆ మాట అనలేదు. కంటితో చూడటం వేరు, ఫొటో చూడటం వేరు. మీ పాపకి ఏది కావాలో మీరే అడగండి. స్మార్ట్ టెలిస్కోపులో కన్ను పెట్టే చోటే ఉండదని ముందే చెప్పి మరీ అడగండి. ఈ సంగతి తెలియక కొని, డబ్బా విప్పి, “కన్నెక్కడ పెట్టాలి?” అని నాకు ఫోను చేసినవాళ్లు ఇద్దరున్నారు.

మరి అది బాగా చేసే పనేమిటి? ఒక్కో ఫొటో పది సెకండ్లు తీస్తుంది, వాటిని ఒకదానిమీద ఒకటి పేరుస్తుంది. వస్తువు వెలుగు ఫొటోల సంఖ్య మేరకు పెరుగుతుంది, గరుకు, అంటే బొమ్మలో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు, మాత్రం ఆ సంఖ్యకు వర్గమూలం మేరకే పెరుగుతుంది. అంటే బొమ్మ రెండింతలు శుభ్రం కావాలంటే నాలుగింతల సమయం పెట్టాలి. పావుగంటకి ఒకలా వస్తే, గంటకి దానికి రెండింతలు బాగా వస్తుంది. ఇంకో రెండింతలు కావాలంటే నాలుగు గంటలు. అందుకే మొదటి పావుగంట మ్యాజిక్‌లా ఉంటుంది, ఆ తర్వాత మార్పు కనబడటం లేదని చాలామంది ఆపేస్తారు. ఆపొద్దు. అన్నం తినండి, సీరియల్ చూడండి, దాని మానాన దాన్ని వదిలేయండి.

జనవరిలో ఒక రాత్రి మా చెల్లెలి కూతురు ఇంటికొచ్చింది, ఆరో తరగతి. ఒరాయన్ నెబ్యులా పెట్టాను. మొదటి పది సెకండ్లకి బూడిదరంగు మరక. రెండు నిమిషాలకి గులాబీ రంగు. పది నిమిషాలకి రెక్కలు విప్పిన పక్షిలా వచ్చింది. మేనకోడలు నా మొహంలోకి చూసి, “మావయ్యా, ఇది ఇప్పుడు తీస్తున్నదేనా, గూగుల్‌లోదా?” అంది. ఏం చెప్పాలి? ఇంతలో గాలికి మా కొబ్బరిమట్ట అడ్డొచ్చింది. ఆ ఒక్క ఫొటో పనికిరాదని, ఫోనులోంచి డబ్బాని నడిపే యాప్ పక్కన పెట్టేసింది. విడి ఫొటోలన్నీ దాచుకునే ఆప్షను ఆన్ చేసి ఉంచుతాను కాబట్టి తర్వాత అది తీసి చూపించాను: నెబ్యులాకి అడ్డంగా, మసగ్గా, దువ్వెన పళ్లలా కొబ్బరాకు ఈనెలు. అప్పుడు నమ్మింది. ఫోనులో ఇప్పటికీ మంచి బొమ్మ కాదు, ఆ కొబ్బరాకు బొమ్మే దాచుకుంది.

పాప నేర్చుకునేదేముంటుందన్న మీ ప్రశ్నకి నా జవాబు కూడా అదే. విడి ఫొటోలు దాచుకునే ఆ ఆప్షను మొదటి రోజే ఆన్ చేయండి. గంటకి దాదాపు ఒకటిన్నర జీబీ అవుతుంది, లోపల 64 జీబీ ఉంది, వారానికోసారి లాప్‌టాప్‌లోకి దించుకోండి. సిరిల్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, గ్రాఎక్స్‌పర్ట్ ఇంకోటి. పాపని ఆ ఫొటోలు సొంతంగా పేర్చమనండి, ఊరి వెలుగు వల్ల వచ్చిన పొరని తీయమనండి, రంగులు సరిచేయమనండి. యాప్ ఇచ్చిన బొమ్మకీ తన బొమ్మకీ తేడా తనకే తెలుస్తుంది. వర్గమూలాల లెక్క మీరు బోర్డు మీద చెబితే ఒక పీరియడ్, దీని మీద చూపిస్తే ఎప్పటికీ గుర్తుంటుంది. మౌంటు బిగించడం, ధ్రువ నక్షత్రానికి గురిపెట్టడం మాత్రం ఇది నేర్పదు. అవి నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది, ఆ రెండేళ్లలో నేను తీసిన మంచి ఫొటోలు ఒక చేతి వేళ్లకి సరిపోతాయి. తొమ్మిదో తరగతి పిల్ల అంత ఓపిక పట్టదు, పట్టక్కర్లేదు కూడా.

సొంత డబ్బు పెట్టి ఆకాశం చూసే వెర్రి మన వైపు కొత్తదేమీ కాదు లెండి. విశాఖలో గోడే వెంకట జగ్గారావుగారు సొంతంగా అబ్జర్వేటరీ కట్టుకుంటే, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం అక్కడినుంచే చూసి నమోదు చేశారు.

ఇప్పుడు ఎక్కడా దొరకని మన ఊరి సంగతులు. యూట్యూబులో వీడియోలు చేసేవాళ్లు ఎక్కువమంది అమెరికా, ఐరోపా వాళ్లు. వాళ్ల అక్షాంశం వేరు.

ఈ డబ్బా మామూలుగా పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ తిరుగుతుంది. ఆకాశమేమో వాలుగా తిరుగుతుంది. దాంతో ఫ్రేములో బొమ్మ మెల్లగా గుండ్రంగా తిరుగుతూ పోతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని తిప్పి పేరుస్తుంది గానీ అంచులు పాడవుతాయి, కత్తిరించుకోవాలి. నడినెత్తికి దగ్గరయ్యేకొద్దీ ఈ తిరుగుడు ఎక్కువ, సరిగ్గా తూర్పునా పడమరా ఉన్నప్పుడు దాదాపు సున్నా. మనకి కృత్తికలు, అదే మనవాళ్లు పిల్లలకోడి అనేది, దాదాపు నడినెత్తి మీంచి పోతుంది. కాబట్టి తూర్పున చెట్ల పైకి రాగానే పట్టుకోండి, నెత్తి మీదికొచ్చేదాకా ఆగకండి.

2025లో అప్‌డేటుతో ఈక్వటోరియల్ మోడ్ కూడా వచ్చింది. డబ్బాని ధ్రువం వైపు వంచి పెడితే ఈ తిరుగుడు ఉండదు. బాగానే ఉంది. కానీ లండన్‌లో ఉన్నవాడు నిలువు నుంచి 38 డిగ్రీలు వంచితే చాలు. శ్రీకాకుళంలో మీరు 72 డిగ్రీలు వంచాలి, అంటే దాదాపు పడుకోబెట్టాలి. దాంతో వచ్చే చిన్న ట్రైపాడ్ మీద ఈ పని అస్సలు చేయకండి. నేను చేశాను. ఒక కాలు గాల్లోకి లేచింది, చేత్తో పట్టుకోబట్టి సరిపోయింది గానీ ఆ రాత్రి ఇంక ఫొటో తీయబుద్ధి కాలేదు. బరువైన ట్రైపాడ్ తీసుకుని, దాని ఒక కాలు సరిగ్గా ఉత్తరం వైపు పెట్టి, మధ్యలో ఇసుక సంచి వేలాడదీయండి. మొదటి ఆరు నెలలు ఆ మోడ్ జోలికే పోకపోయినా నష్టం లేదు.

ఎల్‌ఈడీ వీధి దీపాలొచ్చాక మీ ఊరైనా మా ఊరైనా ఒకటే. ఎస్50 లోపల ఒక ఫిల్టరు ఉంది, హైడ్రోజన్, ఆక్సిజన్ ఇచ్చే రెండు రంగుల్ని మాత్రమే వదిలి మిగతా వెలుగుని ఆపేస్తుంది. ఒరాయన్, లగూన్, రోజెట్ లాంటి వాయు నెబ్యులాలకి ఊరి మధ్యలో కూడా, సగం చంద్రుడు ఉన్నా సరే, పని చేస్తుంది. గెలాక్సీలకి పనికిరాదు. వాటి వెలుగు అన్ని రంగుల్లోనూ ఉంటుంది, ఫిల్టరు వేస్తే వాటినీ ఆపేసినట్టే. గెలాక్సీ కావాలంటే ఊరు దాటాల్సిందే. ఆండ్రోమెడా ఆకాశంలో మూడు డిగ్రీల పొడవు, ఎస్50 ఫ్రేము 1.3 డిగ్రీలకి మించదు, ముక్కలుగా తీసి అతికే మొజాయిక్ మోడ్ వాడాలి. వెడల్పు ఎక్కువ కావాలంటే ఎస్30, డ్వార్ఫ్ 3 అనే స్మార్ట్ టెలిస్కోపులు ఉన్నాయి. కటకాలు చిన్నవి, 30, 35 మి.మీ., బరువూ తక్కువే. నేనైతే ఎస్50నే తీసుకుంటాను, గుచ్ఛాలు కొంచెం పెద్దగా వస్తాయి. డ్వార్ఫ్ 3 కొన్నవాళ్లు నాతో దెబ్బలాడతారు, ఆడనీయండి.

మంచు విషయం. కటకానికి లోపలే హీటర్ ఉంది, డిసెంబరులో పది దాటాక ఆన్ చేయండి. బ్యాటరీ మామూలుగా ఆరు గంటలొస్తుంది, హీటరుతో తగ్గుతుంది, ఫోను పవర్ బ్యాంకు తగిలించుకోవచ్చు. పని అయ్యాక తడి డబ్బాని అలాగే పెట్టెలో మూసేయకండి. గదిలో అరగంట ఆరనిచ్చి, సిలికా జెల్ సంచులతో మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. నా పాత టెలిస్కోపు ఒకటి వానాకాలమంతా అటక మీద ఉండిపోయింది. కటకం లోపల బూజు సాలెగూడులా అల్లుకుంది. విడి టెలిస్కోపు కాబట్టి విప్పించి శుభ్రం చేయించాను. ఈ మూసిన డబ్బాకి అలా కుదరదు.

నాకు దీంతో ఉన్న అసలు పేచీ కూడా అదే. కటకం, కెమెరా, మోటార్లు అన్నీ ఒకే కట్ట. రేపు మంచి సెన్సరు వస్తే మార్చుకోలేరు. యాప్‌ని కంపెనీ పట్టించుకోవడం మానేస్తే మన చేతిలో ఏమీ ఉండదు. నా పదేళ్ల నాటి మౌంటు ఇప్పటికీ కొత్త కెమెరాతో పని చేస్తోంది, ఈ డబ్బాకి పదేళ్ల ఆయుష్షు ఉంటుందని నేను అనుకోవడం లేదు. ఐదేళ్లు అనుకుని 60 వేలని భాగించుకోండి. ఏడాదికి 12 వేలు, మీరు నలభై రాత్రులు వాడితే రాత్రికి 300. పది రాత్రులే వాడితే 1,200. విడివిడిగా కొనే సెటప్పు ఇంతకు రెండింతలు దాటిపోతుంది, ఉద్యోగం చేసుకుంటూ దాన్ని పది పదకొండు రాత్రులకి మించి ఎక్కించలేరు. నేను ఎక్కించలేకపోయాను.

మీరు మాస్టారు కాబట్టి ఇంకో మాట. దీంతో పాటు సోలార్ ఫిల్టరు వస్తుంది. అది బిగించి స్కూలు గ్రౌండులో పట్టపగలు పెట్టండి. సూర్యుడి మచ్చలు ఫోనులో కనిపిస్తాయి, తరగతి గదిలో ప్యానెల్ ఉంటే దాని మీదికి పంపొచ్చు. ఎవరూ కన్ను పెట్టే అవకాశమే లేదు కాబట్టి పిల్లలకి ప్రమాదం లేదు. మామూలు టెలిస్కోపుతో నలభై మంది పిల్లల మధ్య సూర్యుణ్ణి చూపించడానికి నాకు ధైర్యం చాలదు. ఫిల్టరు లేకుండా మాత్రం ఒక్క క్షణం కూడా సూర్యుడి వైపు తిప్పొద్దు, సెన్సరు కాలిపోతుంది. అరసవల్లి పక్కన ఉండి ఈ మాత్రం చేయకపోతే ఎలా?

కొనే ముందు ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి. ఏప్రిల్ మధ్యలో అమావాస్య దగ్గర చూసుకుని నేను కళింగపట్నం బీచికి వస్తాను. దక్షిణాన సముద్రం మీద దీపాలుండవు, పడవల వెలుగులు తప్ప. ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల ముద్ద అర్ధరాత్రికి అక్కడ 24 డిగ్రీల ఎత్తుకొస్తుంది. లండన్ వాళ్లకి అది ఎప్పటికీ కనిపించదు. పాపని తీసుకురండి, డబ్బా తన చేతికే ఇస్తాను. డాబ్సోనియన్ కూడా కారులో వేసుకొస్తాను. రెండింటి దగ్గరా ఎంతసేపు నిలబడుతుందో చూసి అప్పుడు నిర్ణయించుకోండి. ఫ్లాస్కులో టీ మాత్రం మీదే.